ప్రాస తెలియని సర్వర్

ఇటీవల జగిత్యాలలో ఒక కార్యాలయపు కిటికీ వద్ద ఒక వృద్ధురాలికి తోడుగా నిలబడవలసివచ్చింది. ఆమె పేరు ఎల్లవ్వ అనుకుందాం. మా వైపు ఆ పేరు గలవారు వాడకొకరుంటారు. గణకయంత్రం ముందున్న అబ్బాయి రోమన్ లిపిలో 'వై' అక్షరంతో మొదలుపెట్టి నాలుగక్షరాలు కొట్టి, "రికార్డు లేదవ్వా" అన్నాడు. "నేను ఈడ్నే ఉన్న గద బిడ్డా" అన్నదామె. 'ఈ' అక్షరంతో మొదలుపెట్టి చూడమన్నాను. తక్షణమే వచ్చింది. అబ్బాయి తప్పేమీ లేదు. "దొరకలేదు" అనవలసిన చోట "లేదు" అని తీర్పు చెప్పిన ఆ ప్రోగ్రాము మీదనే నా కోపమంతా.

పేరులోని మొదటి తునకనిచ్చి పూర్తి రికార్డును రప్పించడం పండితులకు కొత్త విద్య కాదు. 1885 నాటి శబ్దరత్నాకరంలో మాట వెతికేవాడు చేసేదదే. పద్యం ఎత్తుగడ రెండు మాటలందిస్తే తక్కినది నోటికి రావడమూ అదే. సర్వర్‌లో ఈ పనిని 'లైక్' అనే పదం చేస్తుంది: 'జగి%' అంటే, జగితో మొదలయ్యేవన్నీ తెమ్మని. అకారాది క్రమంలో సూచిక కట్టి ఉంటే ఆ పుట దగ్గరికే నేరుగా పోతుంది. '%పేట' అని తోకను మాత్రమే ఇస్తే నిఘంటువంతా మొదటినుండి చివరిదాకా తిరగవేయక తప్పదు. ఇంతవరకూ తగవు లేదు. తాళంచెవిని ఏ లిపిలో, ఏ కొలతతో కోశారన్నదే తగవు.

"పేర్లన్నీ ఇంగ్లీషులో పెడితే సరి, తెలుగుతో ఈ తంటా ఎందుకు?" అనే యువ ఇంజనీర్లను చాలామందినే చూశాను. వారికి మా ఊళ్ళనే చూపుతాను. ఎన్నికల సంఘం పట్టికలో జగిత్యాలకు రోమన్ లిపిలో 'జి' వెంట 'టి' వస్తుంది. రైల్వేవారి లింగంపేట జగిత్యాల స్టేషన్ పేరులో ఆ రెండింటి నడుమ 'ఐ' చేరుతుంది. కోరుట్లకు అందరూ రాసేది 'ఆర్' తరువాత 'యు'. నియోజకవర్గానికి మాత్రం అక్కడ 'ఏ'. సిరిసిల్ల సంగతి సరేసరి, రెండవ 'రి' లోని ఇకారం రోమన్ లిపిలో గాలికి పోయింది. తెలుగులో మాత్రం ఈ మూడు పేర్లూ చెక్కుచెదరలేదు. స్థిరంగా ఉన్న తాళంచెవిని పారవేసి, పూటకో పంటి తీరుగా ఉండేదాన్ని మొలకు కట్టుకోవడం ఏ శాస్త్రం?

సౌండెక్స్ ఉంది కదా అంటారు. ధ్వనిని బట్టి సంకేతమిచ్చే ఈ పద్ధతికి అమెరికాలో 1918లో పేటెంటు వచ్చింది. పీహెచ్‌పీలోనూ, మైసీక్వెల్‌లోనూ సిద్ధంగా ఉంది. న్యాయం చెప్పాలి గనుక కాగితం మీద లెక్కవేసి చూశాను. జగిత్యాల రెండు వర్ణక్రమాలకూ ఒకే సంకేతం, కోరుట్లకూ అంతే. కానీ అది మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్లు ఉంచుతుంది. కాబట్టి 'వై'తో మొదలైన ఎల్లవ్వ ఒక దారి, 'ఈ'తో మొదలైన ఎల్లవ్వ ఇంకొక దారి. ముసలమ్మ మళ్ళీ కిటికీ దగ్గరే!

తెలుగులో పెట్టినంత మాత్రాన మోక్షం వచ్చిందనుకునేరు. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే మన లిపికి చోటు దక్కింది గానీ, యంత్రం లెక్కించేది అక్షరాలను కాదు, సంకేతబిందువులను. 'జగిత్యాల' మనకు నాలుగక్షరాలు, దానికి ఎనిమిది బిందువులు, యూటీఎఫ్-8లో ఇరవైనాలుగు బైట్లు. "కనీసం మూడక్షరాలు ఇవ్వండి" అని గద్దించే పెట్టెలున్నాయి. అక్కడ 'రమ' అని కొడితే చాలదంటుంది. ఆమె పేరే అంత, ఇంకేం కొట్టాలి? 'స్త్రీ' అంటే ఆరు బిందువులు గనుక ఆనందంగా ఒప్పుకుంటుంది. అది ఒకే అక్షరమని ఆరవ తరగతి పిల్లవాడు చెప్పగలడు.

ప్రాసతో ఒక పరీక్ష పెట్టాను. రెండవ అక్షరంలో 'గ' హల్లున్న ఊళ్ళు కావాలంటే '_గ%' అని అడగాలట. అడుగుగీత ఒక అక్షరానికి బదులు. జగిత్యాల దొరికింది, సంతోషించాను. '_ర%' అని అడిగితే కోరుట్లా రాలేదు, సిరిసిల్లా రాలేదు. క తరువాత ఓత్వం, స తరువాత గుడి ఆ రెండవ స్థానాన్ని ఆక్రమించాయి. (కో గురువు, సి లఘువు గనుక ఈ రెండూ ఒక పద్యంలో ప్రాసకు కూర్చోవు, అది వేరు విషయం.) ప్రాస తెలియని సర్వర్ తెలుగు పేర్లను కాపలా కాస్తున్నది.

కనబడని శత్రువులు మరి ఇద్దరు. కోరుట్ల పక్కనున్న మెట్‌పల్లినే చూడండి: పొల్లు విడిగా నిలవడానికి దాని తరువాత ఒక అదృశ్య చిహ్నాన్ని చొప్పిస్తాం. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా రాస్తే 'మెట్‌ప' అని వెతికినవారికి రెండవది చిక్కదు. ఇక ఐత్వం. దాన్ని ఒకే బిందువుగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ వేరువేరుగానూ రాయవచ్చు. కంటికి తేడా ఉండదు, సరిపోల్చే యంత్రానికి ఉంటుంది.

మందు కఠినమైనదేమీ కాదు. పేరును రాసినట్లే ఒక గడిలో ఉంచి, వెతకడానికి పక్కన మరొక గడి పెట్టాలి. అందులో అదృశ్య చిహ్నాలు తీసివేయాలి, ఐత్వాన్ని ఒకే రూపానికి తేవాలి, యెకార ఎకారాలను, వేంకట వెంకటలను కలిపివేయాలి. వెతికే మాటకూ అదే సంస్కారం చేసి అప్పుడు పోల్చాలి. పీహెచ్‌పీలో 'సబ్‌స్ట్ర్' బైట్లను తెగకోస్తుంది గనుక దాని జోలికి పోరాదు. 'ఎంబీ'తో మొదలయ్యేది వాడినా అది బిందువులనే ఎరుగును గానీ అక్షరాన్ని ఎరుగదు. అక్షర విభజన మనమే రాసుకోవాలి. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు, గుణింతపు గుర్తు: నలభై పంక్తులు దాటదు. ఏ పేర్లు ఒకటిగా చూడవచ్చో, ఏవి చూడరాదో చెప్పవలసింది మాత్రం మాబోటి పండితులు. మేమా అరసున్నలకోసం కలహించుకుంటూ ఈ పట్టిక ఒక్కటి తయారుచేయలేకపోయాం. ఆ నింద నాకూ చెందుతుంది.

మిత్రులారా, మీలో ఇటువంటి పెట్టెలు కట్టేవారుంటే, ప్రజల ముందు పెట్టకముందు ఐదు మాటలు కొట్టి చూడండి: రమ, ఎల్లవ్వ, యెల్లవ్వ, మెట్‌పల్లి, కోరుట్ల. ఏదైనా చిక్కకపోతే తెరమీద "లేదు" అని మాత్రం రాయకండి.