సోడియానికి ఇల్లు కావాలి



"సీతాఫలం తొక్కలతో బ్యాటరీ చెయ్యవచ్చునా?" అని సీతాఫల్‌మండి నుంచి ఒక పాఠకుడు అడిగాడు. పేరులోనే సీతాఫలం ఉన్న పేటవారికి ఈ సందేహం రావటంలో వింత లేదు. జవాబు చెప్పేముందు బ్యాటరీలో ఏం జరుగుతుందో చూద్దాం.

సెల్‌ఫోను బ్యాటరీలో లిథియం అయాన్లు రెండు ఇళ్ళ మధ్య తిరుగుతూ ఉంటాయి. చార్జి చేసేటప్పుడు ఆనోడు అనే ఇంటికి చేరతాయి. ఫోను వాడేటప్పుడు కాథోడు అనే ఇంటికి తిరిగిపోతాయి. ఆనోడుగా ఎక్కువగా వాడేది గ్రాఫైటు. మీ పెన్సిలు ములుకు నల్లగా ఉండేది దానివల్లనే.

అయితే లిథియాన్ని కొద్ది దేశాలలోనే ఎక్కువగా తవ్వుతున్నారు. మనం కొని తెచ్చుకోవాలి. సోడియం మాటో? అది ఉప్పులోనే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో నౌపడా ఉప్పు మళ్ళు చూసినవారికి దానికి కరువు లేదని వేరే చెప్పనక్కరలేదు.

మరి లిథియానికి బదులు సోడియం పెడితే సరిపోదా? సరిపోదు. సోడియం గ్రాఫైటులో సరిగా చేరదు. లిథియం కంటే లావు కనుక అంటారేమో! సోడియం కంటే లావైన పొటాషియం గ్రాఫైటులో చక్కగా చేరుతుంది. కనుక లావు ఒక్కటే కారణం కాదు. సోడియానికీ గ్రాఫైటుకూ పొత్తు కుదరదు. అందుచేత దానికి వేరే ఇల్లు వెతకాలి.

బొగ్గులు రెండు రకాలని 1951లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రజ్ఞురాలు చూపింది. బాగా వేడిచేస్తే ఒక రకం గ్రాఫైటు అవుతుంది. రెండోది 3,000 డిగ్రీల వేడిలో పెట్టినా మారదు. ఈ మొండి బొగ్గు పేరే హార్డ్ కార్బన్. గ్రాఫైటు పొరలు కొత్త పుస్తకంలో కాగితాల మాదిరి సర్దుకుని ఉంటాయి. దీని పొరలు నలిపి డబ్బాలో కుక్కిన కాగితాల మాదిరి ఉంటాయి. అందులో ఎన్నో సందులూ గూళ్ళూ! ఆ గూళ్ళలో సోడియం చేరుతుందని 2000లో కెనడాలో స్టీవెన్స్, డాన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు.

ఇప్పుడు తొక్కల సంగతి. కొబ్బరిచిప్పలు, కట్టె, పండ్ల తొక్కలు వంటివాటిని గాలి తగలకుండా 1,000 డిగ్రీలకు పైగా వేడిచేస్తే హార్డ్ కార్బన్ తయారవుతుంది. కాని తొక్కలలోని ఖనిజాలను కడిగి తీసెయ్యాలి. వేడి ఎక్కువ తక్కువలను బట్టి గూళ్ళ తీరు మారిపోతుంది. కనుక ఇంటి పొయ్యిమీద ఇది సాగే పని కాదు, ప్రయత్నించకండి!

ఇంకా చిక్కులున్నాయి. మొదటిసారి చార్జి చేసినప్పుడు కొంత సోడియం ఆనోడు దగ్గరే చిక్కుకుపోయి తిరిగిరాదు. మరీ వేగంగా చార్జి చేస్తే సోడియం గూళ్ళలో దూరక, లోహంగా పైన పేరుకుంటుంది. అది ప్రమాదం. ఇటువంటి చిక్కులు విప్పటానికే దేశదేశాల శాస్త్రజ్ఞులు పాటుపడుతున్నారు. హైదరాబాదులోనే, బాలాపూర్ దగ్గర ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధనశాలలో సోడియం బ్యాటరీల పదార్థాలపై కృషి జరుగుతున్నది.

ఇక మీకొక ప్రశ్న. సోడియం పరమాణువు లిథియం పరమాణువు కంటే మూడు రెట్లకు పైగా బరువు. అయితే సోడియం బ్యాటరీ జేబులో ఫోనుకు ఎక్కువ తగునా, పగటి ఎండతో పుట్టిన విద్యుత్తును రాత్రికి దాచే పెట్టెకు ఎక్కువ తగునా? మీ అమ్మా నాన్నలతో కలిసి ఆలోచించండి!