మన ఊరికి దిగువన కూడా ఒక ఊరుంది



గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. నాందేడ్, బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమండ్రి, నరసాపురం ఆ ఒడ్డున పెరిగిన ఊళ్లే. ధవళేశ్వరం దగ్గర కాలువలు బయలుదేరాక ఆ ఒడ్డు మరింత పొడవైంది. నదికి దూరంగా ఉన్న భీమవరం, కాకినాడ కూడా ఆ నీళ్లే తాగుతున్నాయి.

అయితే పక్కన నది ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. 1833 నాటి కరువులో ఈ ప్రాంతపు జనం ఆకలితో చనిపోయారు. అప్పుడూ గోదావరి పక్కనే ఉంది. పొలానికి నీరు మళ్లించే ఆనకట్టే లేదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టా నలుగురికీ అన్నం పెట్టగలిగింది. నదిని పంచుకోవడం నేర్చుకున్నాకే మనం బ్రతికామని గమనించండి.

ఇప్పుడు మన మాటలు వినండి. ఎగువవాళ్లు నీళ్లు ఆపేశారని ప్రతి ఊరూ అంటుంది. ఆ బాధలో న్యాయం ఉండవచ్చు. కానీ మన ఊరు కూడా ఎవరికో ఒకరికి ఎగువే కదా! మన మురుగు, కోళ్ల వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు కాలువలో పడి ఎక్కడికి పోతున్నాయి? వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున బయటపడే చెత్తే దానికి సాక్ష్యం. కాలువలు కట్టకముందే శివారు గ్రామాలవారు ఆ నీటితోనే మంచినీటి చెరువు నింపుకొని ఎండాకాలమంతా గడపాలి. మనం పారేసినది వాళ్ల బిందెలోకే చేరుతుంది.

కాబట్టి మేము చెప్పేది ఒక్కటే. నది మీద ప్రేమను పాటల్లో, విగ్రహానికి వేసే దండల్లో చూపితే సరిపోదు. మన వీధి మురుగు ఎక్కడ కలుస్తుందో ఈసారి గ్రామసభలో అడుగుదాం. శుద్ధి చేయకుండా కాలువలోకి వదలవద్దని పట్టుబడదాం. కాలువ గట్టు చెత్తకుప్ప కాకుండా మన వంతు కాపలా కాద్దాం. నీళ్ల వంతు వచ్చినప్పుడు శివారు పొలాన్ని కూడా తలుచుకుందాం.

పైనుండి మనకు ఎలాంటి నీళ్లు రావాలని కోరుకుంటామో, కిందివాళ్లకు అలాంటి నీళ్లే పంపుదాం. నదికి మనం చెల్లించగల కృతజ్ఞత అదే.