పొగాకు ఆవకాయ కాదు సారూ!

మా ఆఫీసులో ఒకాయన పైపు పొగాకుని గాజు సీసాల్లో కుక్కి, గాలి చొరకుండా మూత బిగించి, పైన తేదీ రాసి అయిదేళ్ళు మాగబెడతాడట. ఘాటు తగ్గి కమ్మగా తయారవుతుందట. నిజమే కావచ్చు. మన ప్రకాశం జిల్లా బ్యారన్లలో క్యూరింగ్ చేసే వర్జీనియా రకంలో చక్కెరలెక్కువ, మాగితే రుచి మారుతుంది. ఒప్పేసుకుందాం.

కానీ "మాగినదైతే హాని లేదు, పైగా మేం పొగ లోపలికి పీల్చం" అంటాడే, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది! ఎన్నేళ్ళు దాచినా పొగాకు పొగాకే. పీల్చకపోయినా నోటి కేన్సర్ వస్తుంది. మా తాత కూడా చుట్ట పొగ పీల్చేవాడు కాదండీ, నోట్లోనే ఉంచి వదిలేవాడు. ఆయనకి దవడ తీసేశారు.

సీసాల మీద తేదీలు రాసుకునే ఓపికుంటే, ముందు ఓసారి డాక్టరుకి నోరు చూపించుకోండి.