ఆకుమీది అంకెలు

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో నడుం వాల్చానో లేదో, వీధి గుమ్మంలో "సార్!" అన్న పిలుపు వినిపించింది. తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసుకుంటున్న మా పాత విద్యార్థి. చేతిలో సంచి, సంచిలో రెండు కిలోల పప్పు, పప్పుమీద మడతపెట్టిన కాగితం. పప్పు మా ఆవిడకు, కాగితం నాకు.

"చెట్టు సార్! జర చదివిపెట్టాలె" అన్నాడు.

ఛందస్సు చెప్పుకొని బతికేవాణ్ణి. చెట్టంటే నాకు తెలిసినవి మర్రి, రావి, వేప. ఆ కాగితంలో కొమ్మా లేదు, రెమ్మా లేదు. అన్నీ వరసలూ, అంకెలూ. దీన్ని 'డెసిషన్ ట్రీ' అంటారు. మన మాటలో నిర్ణయ వృక్షం అనుకోండి. పెళ్ళిసంబంధాలు చూసే పెద్దలకు ఇది తెలియని విద్యేమీ కాదు. గోత్రాలు వేరేనా? వేరే అయితే, పిల్లవాడికి ఉద్యోగం ఉందా? ఉంటే, ఏ ఊళ్ళో? ప్రశ్న ప్రశ్నకూ సంబంధాల కట్ట చిన్న చిన్న కట్టలుగా విడిపోతుంది. కంప్యూటరూ అదే చేస్తుంది. కాకపోతే ఏ ప్రశ్న ముందు వేస్తే కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ బాగా వేరుపడతారో అన్నీ వేసి చూసి తానే తేల్చుకుంటుంది. 1984లో లియో బ్రైమన్, మరి ముగ్గురు పండితులు కలిసి ఈ పద్ధతిమీద ఒక పెద్ద గ్రంథమే రాశారు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తరవాత బేరాలు పెరిగాయనీ, పండగ ముందు పాత ఖాతాదారులందరికీ ఫోనులో సందేశం పంపాననీ, ఎవరు కొన్నారో తెలిసిన కుర్రవాడొకడు ఇలా చెట్టు కట్టి ఇచ్చాడనీ మావాడు చెప్పాడు. అతని అసలు లెక్కలు అతని సొంతం. మన సౌకర్యానికి నేను గుండ్రని అంకెలు వేస్తాను:

మొత్తం: 1000 మంది, కొన్నవారు 100, నూటికి 10.
1. మూడు నెలల్లోపు కొన్నవారు, ఒకేసారి 5 కిలోలు దాటి కొనేవారు: 100 మంది, కొన్నవారు 40, నూటికి 40.
2. మూడు నెలల్లోపు కొన్నవారు, తక్కువ కొనేవారు: 200 మంది, కొన్నవారు 20, నూటికి 10.
3. మూడు నెలలుగా కొననివారు, తాండూరు: 395 మంది, కొన్నవారు 30, నూటికి సుమారు 7.6.
4. మూడు నెలలుగా కొననివారు, చుట్టుపక్కల పల్లెలు: 300 మంది, కొన్నవారు 6, నూటికి 2.
5. మూడు నెలలుగా కొననివారు, హైదరాబాదు: 5 మంది, కొన్నవారు 4, నూటికి 80.

మావాడి వేలు తిన్నగా అయిదో వరసమీదికి పోయింది. "నూటికి ఎనభై సార్! పైసలన్నీ పట్నంమీదనే పెడదామనుకుంటున్న."

"ముందు మనుషుల్ని లెక్కపెట్టు, తరవాత నూటికెంతో చూడు" అన్నాను. ఉన్నది అయిదుగురు. అందులో ఒక్కడు ఆ వారం ఊళ్ళో లేకపోతే ఎనభై కాస్తా అరవై అవుతుంది. అంత చిన్న ఆకును నమ్ముకొని కొట్టు పెట్టకూడదు.

మరి దేన్ని నమ్మాలి? మొదటి గీత ఉంది చూశారూ, మొత్తం నూటికి 10 అని, అది గీటురాయి. ప్రతి వరసనూ దానిమీద గీసి చూడాలి. ఒకటో వరస దానికి నాలుగు రెట్లు. వందమందిని అడిగితే నలభైమంది కొన్నారు. రెండోది సరిగ్గా గీటురాయంతే, కాబట్టి అక్కడ చెట్టు మనకు కొత్తగా చెప్పిందేమీ లేదు. అయినా ఆ రెండు వరసలూ కలిపితే 300 మంది. వందలో అరవైమంది కొనుగోలుదారులు అక్కడే ఉన్నారు. ఇక ఒక వరసలో రెండు షరతులుంటే రెండూ కలిసి వర్తిస్తాయి. '5 కిలోలు' అన్న ముక్క ఒక్కటే పట్టుకొని అందరికీ అంటగడితే లెక్క తప్పుతుంది.

ఇంకొక చిక్కు. పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టిన పిల్లవాడు పాత ప్రశ్నలకు నూటికి నూరు తెచ్చుకుంటాడు. కొత్త ప్రశ్న వస్తే పెన్ను కొరుక్కుంటాడు. ప్రశ్నలమీద ప్రశ్నలు వేసి లోతుకు పెంచిన చెట్టూ అంతే. అందుకని తెలిసినవాళ్ళు లెక్కల్లో కొంత భాగం చెట్టుకు చూపకుండా దాచి, తరవాత దానితో పరీక్ష పెడతారు.

పోర్చుగల్ దేశపు బ్యాంకు ఒకటి డిపాజిట్లకోసం ఫోన్లు చేసిన లెక్కలు ఈ విద్య నేర్చుకునేవారందరికీ పాఠ్యపుస్తకంలాంటివి. 2008 మే నుంచి 2010 నవంబరు దాకా 45,211 వరసలు. సరే అన్నవి 5,289, అంటే నూటికి సుమారు 11.7. ఎవరు సరే అంటారో చెప్పడంలో అన్నిటికన్నా గట్టి గుర్తు మాట్లాడిన సేపు. ఎక్కువసేపు మాట్లాడినవాడు డిపాజిట్ వేశాడు. బాగానే ఉంది. కాని ఫోను చేయకముందు ఎంతసేపు మాట్లాడతాడో ఎలా తెలుస్తుందండీ? పెళ్ళయ్యాక జాతకం కుదిరిందన్నట్టుంది. కాబట్టి ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఇది ముందే తెలిసే సంగతేనా అని చూసుకోవాలి.

మావాడు తల ఊపి, జేబులోంచి పెన్సిలు తీసి నాలుగో వరసమీద అడ్డంగా గీత గీశాడు. "అయితే పల్లెల పేర్లు తీసేస్త సార్. నూటికి రెండు! పండగ తగ్గింపు వాళ్ళకు దండగ."

ఆ పల్లెల్లో మా యాలాల్ ఉంది. ఆ సంగతి పైకి అనలేదు గాని, "వీళ్ళు నీ కొట్టుకు రావడం మానేశారా?" అని అడిగాను.

"లేదు సార్, తాండూరు వచ్చినప్పుడు వచ్చి పట్టుకపోతరు. మొన్న ఒక అవ్వ వచ్చింది. ఫోన్ల తగ్గింపు పంపిన గద అంటే, 'ఫోను నా కొడుకు తాన ఉంటది సేటూ, వాడు పట్నంల ఉంటడు' అన్నది."

అని తనే ఆగిపోయాడు. ఆ కాగితం లెక్కపెట్టింది ఫోనులో కొన్నవాళ్ళనే. 'మూడు నెలలుగా కొననివారు' అన్న పేరూ ఫోను లెక్కల్లోంచి వచ్చిందే. కొట్టు గడప తొక్కి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, పప్పు కొంగున కట్టుకొని పోయిన అవ్వ ఏ వరసలో ఉన్నా కొననిదానికిందే జమ. ఆ మూడు వందలమందీ పప్పు వద్దన్నారని చెట్టు చెప్పలేదు. ఫోను పిలుపుకు పలకలేదని మాత్రమే చెప్పింది.

రబ్బరుముక్క నేనే తెచ్చి ఇచ్చాను. గీత చెరిపేసి, కొట్టులో కొన్నవాళ్ళకూ ఒక గడి పెట్టించి మళ్ళీ చెట్టు కట్టిస్తానన్నాడు. తగ్గింపు సంగతి కొట్టు గుమ్మంలో బల్లమీద కూడా రాసిపెడతానన్నాడు.

వెళ్ళబోతుంటే అడిగాను: "ఇంతకీ నేను ఏ ఆకులో ఉన్నానురా?"

"మీరు లెక్కలనే లేరు సార్" అన్నాడు నవ్వుతూ. "మీకు ఎన్నడన్న బిల్లు రాసిన్నా?"