ఫిర్యాదుదారుడు లేని విచారణలు

1926 మార్చి 27న వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఇండియాలో బ్రిటిష్ రాజ్యానిదే పైచేయి, ఏ సంస్థానాధీశుడూ తమతో సమానుడినని చెప్పుకోవడానికి వీల్లేదు, సంస్థానంలో పాలన చెడితే కలగజేసుకునే హక్కు తమకుంది అన్నది దాని సారాంశం. ఆ వెనువెంటనే హైదరాబాద్ మీద షరతులు పడ్డాయి. నజర్ల పేరుతో సొమ్ము రాబట్టడం ఆపాలి, మంత్రిమండలి మాట చెల్లాలి, రెవెన్యూ, పోలీసు వంటి కీలక శాఖల్లో ఇంగ్లీషు అధికారులను పెట్టాలి. నిజాం ఒప్పుకున్నాడు. సర్ రిచర్డ్ షెనెవిక్స్ ట్రెంచ్, ఆయన తర్వాత థియోడర్ టాస్కర్ రెవెన్యూ శాఖ పగ్గాలు పట్టారు. ఆ ఏర్పాటు నడుస్తుండగానే, 1940లో, ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్ దగ్గర పోలీసు తూటాలకు గోండు నాయకుడు కుమ్రం భీం, ఆయన సహచరులు నేలకొరిగారు.

దుష్పాలనను సరిదిద్దడానికని వచ్చిన ఏర్పాటు కింద ఆ కాల్పులు ఎలా జరిగాయి? నిజాం నిరంకుశత్వం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే జవాబు సగమే దొరుకుతుంది. అది నిరంకుశ పాలనే, అందులో సందేహం లేదు. కానీ ఆ పాలనను విచారించే అధికారం చేతిలో పెట్టుకున్నవాళ్లు ఏ నేరాన్ని చూశారు, దేన్ని చూడలేదు అన్నది కూడా లెక్కలోకి రావాలి. సంస్థానాల మీద బ్రిటిష్ వారు జరిపిన విచారణలను కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ల వైపు నుంచి చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. వాటిని కదిలించింది దాదాపు ప్రతిసారీ రాజుకూ తెల్లదొరలకూ వచ్చిన పేచీయే. రైతు మొర కాదు, కూలి మొర అసలే కాదు.

1926 ఉత్తరం వెనుక ఉన్న పేచీ బేరార్. ఆదిలాబాద్ వాళ్లకు బేరార్ అంటే పెన్‌గంగ అవతలి ఒడ్డు, ఇప్పటి యవత్మాల్ వైపు సీమ. నిజాం ఖర్చు భరించాల్సిన కంటింజెంట్ సైన్యం బాకీ చూపి 1853లో ఆ పత్తి నేలను నిజాం చేతిలోంచి తీసుకున్నారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వారికి డబ్బూ దస్కమూ సమకూర్చి ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు పొందిన ఉస్మాన్ అలీఖాన్, 1923లో బేరార్ తిరిగి ఇమ్మని అడిగాడు. కాదన్నా వదలలేదు. విదేశీ వ్యవహారాలు మినహా మిగతా అన్నిట్లో తానూ బ్రిటిష్ సర్కారూ సమానులమేనని 1925లో వాదించాడు. నజర్ల కథలు, కొలువుల బేరాల కథలు హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీకి అంతకుముందు తెలియనివేమీ కావు. బేరార్ అడిగిన తర్వాతే అవి నేరాలయ్యాయి.

రీడింగ్ నిజాయితీని కొలవడానికి మరో సంగతి చాలు. సంస్థానాధీశుల మీద అసంతృప్తి రెచ్చగొట్టే రాతలు రాస్తే బ్రిటిష్ ఇండియాలోని పత్రికలను శిక్షించే చట్టాన్ని 1922లో తెచ్చింది ఆయనే. కేంద్ర శాసనసభ ఆ బిల్లును కనీసం ప్రవేశపెట్టనివ్వలేదు. అయినా వైస్రాయ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని చట్టం చేశాడు. సంస్థానంలో పుట్టినవాడికి సొంత గడ్డ మీద సభ పెట్టుకునే వీలు లేదు, బయటి పత్రికలో మొర వినిపించుకునే దారీ మూసేశారు. ప్రజల నోరు నొక్కిన ఆ వైస్రాయే నాలుగేళ్లకు ప్రజల పేరు చెప్పి నిజాంకు బుద్ధి చెప్పాడు.

ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదు. అవధ్ పాలన చెడిందని అక్కడి రెసిడెంట్ స్లీమన్ ఊరూరా తిరిగి రాసిన రాతలు, ఆయన తర్వాతి రెసిడెంట్ అవుట్రామ్ ఇచ్చిన నివేదిక 1856లో ఆ రాజ్యాన్ని మింగేయడానికి పనికొచ్చాయి. బరోడాది కొంచెం వేరు. 1873లో కల్నల్ మీడ్ నాయకత్వంలోని కమిషన్ మల్హర్‌రావ్ గైక్వాడ్ ఏలుబడిలోని రైతుల, సర్దారుల ఫిర్యాదులు నిజంగానే విన్నది, అవి చాలావరకు వాస్తవమేనని చెప్పింది. అయినా గైక్వాడ్ గద్దె వెంటనే కదలలేదు, బాగుపడడానికి గడువిచ్చారు. కదిలింది 1875లో, రెసిడెంట్ ఫేర్‌కు విషం పెట్టించాడన్న ఆరోపణ వచ్చాక. ఆ ఆరోపణ మీద కూర్చున్న రెండో కమిషన్‌లో ముగ్గురు ఇంగ్లీషు సభ్యులు నేరం రుజువైందన్నారు, ముగ్గురు భారతీయ సభ్యులు కాలేదన్నారు. చివరికి దుష్పాలన కారణం చూపి దింపేశారు. రైతుల కడుపుమంటకు గడువు దొరికింది, రెసిడెంట్ గ్లాసులో విషానికి దొరకలేదు. సంస్థానాలతో సంబంధాలు తేల్చడానికి 1927లో వేసిన బట్లర్ కమిటీ మరో మెట్టు పైకెక్కింది. సంస్థాన ప్రజల ప్రతినిధులు లండన్ దాకా వెళ్లినా, వారి మాట నేరుగా వినడానికి ఒప్పుకోక, రాసిచ్చిన కాగితం మాత్రం పుచ్చుకుంది.

హైదరాబాద్ వ్యవహారం మీద బ్రిటిష్ పార్లమెంటు నేరుగా విచారణ జరిపిన సందర్భం ఒకటుంది. దాని ఊసు మన చరిత్ర పుస్తకాల్లో తక్కువ. 1886లో నిజాం రాజ్యంలోని ఖనిజాల తవ్వకం హక్కును వాట్సన్, స్టివార్ట్ అనే ఇద్దరికి కట్టబెట్టారు. దానితో లండన్‌లో ‘హైదరాబాద్ దక్కన్ కంపెనీ’ పుట్టింది. ఒప్పందం కుదిర్చిన నిజాం అధికారి అబ్దుల్ హక్, ఆ కంపెనీ షేర్లను తన సర్కారుకే అధిక ధరకు అంటగట్టాడని గొడవ లేచింది. 1888లో హౌస్ ఆఫ్ కామన్స్ సెలెక్ట్ కమిటీ కూర్చుంది. దాని ముందున్న ప్రశ్నలన్నీ షేర్లవే. ఎవరు ఎంతకు కొన్నారు, ఎవరు ఎవరిని మోసగించారు, ఇండియా సర్కారుకు ముందే తెలుసా లేదా. భూమి లోపలి సంపద మీద ఆ భూమి పైన బతికేవాళ్లకు ఏమైనా హక్కుందా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. ఇల్లెందు దగ్గర మొదలైన ఆ తవ్వకం 1920లో సింగరేణి కాలరీస్ అయింది, తర్వాత గోదావరి వెంట పైకి వచ్చి ఆదిలాబాద్ వైపు బెల్లంపల్లిలో, కరీంనగర్ వైపు గోదావరిఖనిలో బావులు తెరిచింది. 1888లో అడగని ప్రశ్న ఓపెన్‌కాస్ట్‌ల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల నోట నేటికీ వినిపిస్తోంది.

మరి 1926 షరతుల తర్వాత ఊళ్లలో ఏం మారింది? 1905 దాకా ఎలగందల్ జిల్లాగా ఉన్న కరీంనగర్ పల్లెల్లో వెట్టి అలాగే సాగింది. అధికారి దౌరాకు వస్తే కోళ్లు, నెయ్యి, గడ్డి, కట్టెలు ఊరే ఇయ్యాలి. సామాను మాదిగలు మొయ్యాలి, కుండలు కుమ్మరి తేవాలి, బట్టలు చాకలి ఉతకాలి, కూలి మాట ఎత్తరాదు. దొర గడీలో సరేసరి. వెట్టి కూడదని నిజాం సర్కారు ఉత్తర్వులు ఇవ్వకపోలేదు. వాటిని అమలు చేయాల్సిన పటేల్, పట్వారీ, తహసీల్దార్లే వెట్టి తిన్నవాళ్లు. అప్పు కింద మనిషినే కట్టేసుకునే భగేలా పద్ధతిని అదుపు చేస్తూ 1936లో చట్టం వచ్చింది, ఊళ్లో దాని పేరు విన్నవాడు లేడు. అనుమతి లేనిదే సభ జరపరాదన్న గస్తీ నిషాన్ 53 మాత్రం చక్కగా అమలైంది. రెసిడెన్సీ పెట్టిన షరతుల్లో దాని ఊసు లేదు.

వెట్టి మీద అసలైన విచారణ జరిపింది ఆంధ్ర జనసంఘం, దాని వెంట ఆంధ్ర మహాసభ. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు తాలూకాల నుంచి ఫిర్యాదులు సేకరించి, నిషేధపు ఉత్తర్వులను తెలుగులో అచ్చువేసి పంచారు. 1935లో సిరిసిల్లలో ఆయన అధ్యక్షతనే నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. రాజకీయం మాట్లాడకూడదన్న కట్టుబాట్ల మధ్య, అనుమతుల కోసం కచేరీల చుట్టూ తిరుగుతూ చేసిన పని అది. ఏ వైస్రాయ్ కమిషన్ కంటే దాని విలువ నాకు ఎక్కువ.

అడవి ఆదిలాబాద్‌లో ఆంధ్ర మహాసభ కూడా అంతగా లేదు. అక్కడ జరిగింది మరింత ఆలోచింపజేస్తుంది. ఇంగ్లీషు వారి దృష్టిలో మంచి పాలన అంటే సర్వే, బందోబస్తు, రైలు, రిజర్వు అడవి. గోండులు, కొలాములు నాలుగేళ్లు ఒకచోట సాగుచేసి, నేల అలిసిపోతే బీడు వదిలి, మరోచోటికి పోయి, తిరిగి అక్కడికే వచ్చేవాళ్లు. బీడు వదిలిన భూమి సర్వేలో సర్కారీ అయింది, హద్దురాళ్లు పాతాక రిజర్వు అయింది. 1929లో కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక ఆసిఫాబాద్, సిర్పూర్ నేలకు ధర పుట్టింది. బయటి నుంచి వచ్చినవాడికి అర్జీ రాయడం తెలుసు, గిర్దావర్‌ను కలవడం తెలుసు, పట్టా అతని పేర వచ్చేది. గోండు తన తాత దున్నిన చేనులోనే కౌలుదారయ్యాడు. నాగలి కొయ్యకు రుసుము, పశువుల మేతకు పన్ను, ఇవి పోగా జంగ్లాత్ (అటవీ శాఖ) చౌకీదారు మామూలు. నజర్లు తీసుకుంటున్నందుకు రాజును తప్పుపట్టిన సంస్కరణ, నజరు తీసుకునే అటవీ గార్డు దాకా దిగిరాలేదు. పైపెచ్చు సంస్కరించిన యంత్రాంగం రిజర్వు హద్దులను ఇంకా గట్టిగా బిగించింది.

భీం తిరుగుబాటు ఈ బిగింపు లోంచే పుట్టింది. బాబేఝరి ప్రాంతంలో సాగుచేసుకుంటున్నవాళ్లను అటవీ శాఖ వెళ్లగొట్టజూసింది, గుడిసెలు తగలబెట్టింది. తమ గోడు చెప్పుకోవడానికి భీం హైదరాబాద్ వెళ్లాడు, వినేవాళ్లు దొరకలేదు. ఈ ఒక్క సంగతి చాలు ఆనాటి విచారణల తీరు చెప్పడానికి. రాజు తప్పు చేస్తే అడగడానికి ఢిల్లీ ఉంది, లండన్ ఉంది. జంగ్లాతోళ్లు తప్పు చేస్తే అడగడానికి ఎవరూ లేరు. ఆ తర్వాత మిగిలింది తుపాకులే.

విచారణ ఆ తర్వాత జరిగింది. చేసినవాడు కమిషనరూ కాదు, జడ్జీ కాదు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కారణంగా బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశీయుడు. సంస్థానం దాటకుండా ఉంటే పరిశోధన చేసుకోవచ్చన్నారు. చెంచులు, కొండరెడ్ల మధ్య పనిచేశాక, గోండుల అశాంతికి కారణాలు వెతకమని నిజాం సర్కారు ఆయనను ఆదిలాబాద్‌కు పంపింది. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు. ఫలానా ఊరు ఎప్పుడు ఖాళీ చేయించారు, ఫలానా చేను ఎవరి పేరుకు మారింది, ఎవరు ఎంత లంచం అడిగారు అని ఊరి పేరుతో సహా రాశాడు. ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో 1945లో హైదరాబాద్ రెవెన్యూ శాఖే ఆ నివేదికలను అచ్చువేసింది. రెవెన్యూ సభ్యుడు గ్రిగ్సన్ వాటిని దాచిపెట్టకుండా వాటి మీద పనిచేశాడు. ఐసీఎస్ అధికారి అయినా, బస్తర్‌లో మారియా గోండులను దగ్గరగా చూసినవాడు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి.

ఫలితాలూ వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. ప్రత్యేకాధికారిగా వచ్చిన సేతుమాధవరావు పగ్డీ గోండీ నేర్చుకుని గోండుల తగాదాలు గోండీలోనే విన్నాడు. ఆదిలాబాద్‌లో ఆదివాసులకు లక్షన్నర ఎకరాల దాకా లావుణీ పట్టాలు (సర్కారు భూమి మీద సాగు హక్కు పత్రాలు) దక్కాయి. 1946లో గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధన వచ్చింది. అవధ్ నాటి నుంచి ఎన్నో సంస్థానాల మీద ఎందరో రాసిన విచారణ నివేదికల్లో, ఫిర్యాదుదారుడి చేతికి భూమి కాగితం తెచ్చిపెట్టినవి ఎన్ని ఉంటాయి?

ఆ ఫలితాలు నిలబడలేదు మరి. 1970ల చివర్లో హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చేసరికి తన కళ్లెదుట పట్టాలు పొందిన ఊళ్లలో భూములు చేతులు మారి ఉన్నాయి. అప్పటికి నిజాం లేడు, రెసిడెంట్ లేడు, 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970 సవరణ ఉన్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసమే గుమిగూడిన గోండుల మీద మళ్లీ పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో 13 మంది చనిపోయారు. అంతకు ఎన్నో రెట్లని ఊళ్లు నేటికీ చెబుతాయి.

2006 అటవీ హక్కుల చట్టం ఒక్క విషయంలో పాత దారి వదిలింది. ఎవరు ఎంత భూమి ఎన్నాళ్లుగా సాగుచేస్తున్నారో తేల్చే పని మొదట గ్రామసభది. గ్రామసభ ఔనన్న దరఖాస్తును సబ్ డివిజన్, జిల్లా కమిటీలు తోసిపుచ్చితే కారణం రాసి, దరఖాస్తుదారుకు తెలియజేయాలి. కెరమెరి, తిర్యాణి, జైనూర్, సిర్పూర్‌(యు) మండలాల్లో తిరస్కరించిన ప్రతి పోడు దరఖాస్తు మీదా ఆ కారణం రాసి ఉందా లేదా జిల్లా కలెక్టర్ తనిఖీ చేయించాలి. రాసి ఉంటే ఆ ఊరి సభలోనే, గోండీలో, కొలామీలో చదివి వినిపించాలి. రాయకుండా కొట్టేసిన దరఖాస్తులను తిరిగి తెరవాలి.