పాస్‌వర్డ్ ఒక్కటే కాదు సార్

సంపాదకులకు,

క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో సొమ్ము పోతే తప్పంతా జనం పెట్టుకునే పాస్‌వర్డులదేనని మీ వ్యాసం తేల్చేసింది. అందులో సగమే నిజం. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో దాదాపు 2,000 కోట్ల రూపాయల క్రిప్టో పోయింది. ఖాతాదారుల పాస్‌వర్డులతో పని లేకుండా కంపెనీ వ్యాలెట్‌నే కొల్లగొట్టారు. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ల క్రిప్టో అయినా ఏడాదికి పైగా ఇరుక్కుపోయింది.

ఇక పాస్‌వర్డుల తప్పున్న మిగతా సగం, మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంగతి. మనిషి దుబాయిలో ఉంటాడు, ఓటీపీ వచ్చే సిమ్ము ఇంటికాడ తల్లి ఫోన్‌లో ఉంటుంది. క్రిప్టో ఖాతా తెరిచిచ్చింది సెల్ దుకాణం పిల్లగాడు. పేరు పక్కన 123 కలిపి, ఫోన్ డబ్బా అట్ట మీద పెన్నుతో రాసిస్తాడు. ఈమెయిల్‌కూ అదే పాస్‌వర్డ్! ‘కొడుకు పైసలు ఆగినయి, నంబరు చెప్పమ్మా’ అని ఎవడో ఫోన్ చేస్తే ఆ తల్లి చెప్పకుండా ఉంటుందా?

అథెంటికేటర్ యాప్ పెట్టుకుంటే కోడ్ కొడుకు చేతిలోని ఫోన్‌లోనే వస్తుంది, సిమ్ము ఎక్కడున్నా సరే. ఈమెయిల్‌కు మాత్రం వేరే పాస్‌వర్డ్ ఉండాల్సిందే. ‘మర్చిపోయాను’ అని నొక్కితే లింకు వచ్చేది అక్కడికే కదా. మీ వ్యాసంలో ఈ ముచ్చటే లేదు. మోసపోయినవాళ్లు వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరునైనా వచ్చే సంచికలో పెద్దక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకుడు, కోరుట్ల