తాళం పడిన బడి ఎవరి అమానత్?

ఒక్క విద్యార్థి కూడా లేని ప్రభుత్వ పాఠశాలలు తెలంగాణలో 2,081. ఇవి 2024-25 సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ పార్లమెంటు ముందుంచిన లెక్కలు. దేశంలోని జిల్లాలన్నింటిలో మన నల్లగొండదే ఇందులో మొదటి స్థానం: 315 బడులు. ఈ బడులు ఎందుకు ఖాళీ అయ్యాయన్న చర్చ కొంతైనా జరుగుతున్నది. వాటి గోడలు, గదులు, ఆటస్థలాలు రేపు ఎవరి చేతికి పోతాయన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయడం లేదు. ఆ ప్రశ్నను మేము వేస్తున్నాము.

పిల్లలు లేరు కనుక బడి మూతబడిందని అధికారులు అంటారు. పాలమూరు వలసలను ఎరిగినవారు ఈ మాటను అంత సులువుగా ఒప్పుకోరు. తల్లిదండ్రులు పనికి పోయిన చోటికే పిల్లలూ పోతారు. ఉన్న పిల్లలు, పంతులు లేని బడిని విడిచి ప్రైవేటు బడి బస్సు ఎక్కుతారు. ఉర్దూ మీడియం సంగతి మరీ అన్యాయం. అభ్యర్థులు దొరకని రిజర్వుడు పోస్టులు ఒక డీఎస్సీ నుంచి మరో డీఎస్సీ దాకా ఖాళీగానే మిగులుతున్నాయి. ఇందులో ఏ వర్గం తప్పూ లేదు. పరిష్కారం చూపని ప్రభుత్వాలదే తప్పు. పంతులు లేక పిల్లలు పోతారు, పిల్లలు లేరని బడికి తాళం వేస్తారు.

మేము ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా జీవితం గడిపినవారము. ఫైలు నడక మాకు తెలుసు. మొదటి నోటులో ‘తాత్కాలిక మూసివేత’ అని రాస్తారు. కొన్నేండ్లు మరమ్మతు లేక పైకప్పు కురిశాక ‘శిథిలావస్థ’ అంటారు. ఆ తర్వాత ‘నిరుపయోగ స్థలం’ అవుతుంది. చివరకు లీజు ప్రతిపాదన వస్తుంది. ఏ ఒక్క నోటులోనూ తప్పు కనిపించదు. అన్నీ కలిసేసరికి ఊరికి బడి ఉండదు.

చట్టం ఏమంటున్నది? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ప్రాథమిక బడి ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపల ఉండాలని దాని నియమాలు చెబుతున్నాయి. కాని మూతబడిన బడి కట్టడాన్ని ఏమి చేయాలన్న విషయంలో ఆ చట్టంలో ఒక్క మాట లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ ప్రభుత్వ భూమిని ఇతరులు తమ పేర రాయించుకోకుండా ఆపుతుంది. ప్రభుత్వమే తన భూమిని ఇవ్వదలచుకుంటే అది అడ్డు కాదు.

వక్ఫ్ ఆస్తుల విషయం మన పాఠకులకు తెలుసు. 2013 సవరణతో చేరిన 104-ఎ సెక్షన్ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది. 30 ఏండ్లు మించిన లీజు చెల్లదని 56వ సెక్షన్ చెబుతున్నది. ఆ చట్టం ఉండి కూడా మన భూములు ఎన్ని చేతులు మారాయో చూశాము. అటువంటి రాత ఒక్కటి కూడా లేని బడుల గతి ఏమిటో ఊహించడం కష్టం కాదు.

‘పాడుబెట్టే కంటే అద్దెకిస్తే నాలుగు రూపాయలు వస్తాయి కదా’ అని కొందరంటారు. లీజుకు మేము వ్యతిరేకులము కాము. ఎవరికి, ఎంతకాలానికి, ఎవరి అనుమతితో అన్నదే మా ప్రశ్న. ఇంగ్లండులో 1998 చట్టం ప్రకారం బడి ఆటస్థలాన్ని అమ్మాలంటే మంత్రి అనుమతి కావాలి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మరో తీరు చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో, సొంత యాజమాన్యాల కింద నడిచే చార్టర్ బడులు కోరితే మూతబడిన ప్రభుత్వ బడిని ఒక్క డాలరుకు అప్పగించాలన్నది. కాబట్టి చట్టం కావాలని అడిగితే చాలదు, ఎటువంటి చట్టమో కూడా చెప్పాలి.

2024 అక్టోబరులో దసరా సెలవుల తర్వాత మన రాష్ట్రంలో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. అద్దె బకాయిలు అందలేదని భవనాల యజమానులు అనేక గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. పిల్లలున్న బడికి అద్దె కట్టలేక తాళం, సొంత కట్టడమున్న బడికి పిల్లలు లేక తాళం! ఈ రెండు తాళాలకూ ఒకే తాళంచెవి ఉన్నదని సర్కారుకు ఎందుకు తోచదు? ప్రతి ఊరి బడిలో గురుకులం పట్టకపోవచ్చు. అంగన్‌వాడీ పడుతుంది, ఉర్దూ తరగతి పడుతుంది, ఆడపిల్లల కుట్టు శిక్షణ కేంద్రం పడుతుంది, గ్రంథాలయం పడుతుంది.

అందుకే మేము కోరుతున్నది ఇది. మూతబడిన ప్రభుత్వ బడి అమ్మకాన్ని నిషేధిస్తూ శాసనసభ చట్టం చేయాలి. లీజు ఇచ్చేముందు గ్రామసభ తీర్మానం తప్పనిసరి కావాలి. మొదటి హక్కు ప్రభుత్వ విద్యావసరాలకే ఉండాలి. లీజు గడువు తక్కువగా ఉండాలి. ఊరిలో మళ్ళీ పిల్లలు చేరితే కట్టడం తిరిగి బడికే రావాలన్న షరతు పత్రంలో రాయాలి. వచ్చిన అద్దె ఆ మండలంలోని బడులకే ఖర్చు కావాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. మీ ఊరి బడి స్థలం సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదో లేదో చూడండి. లేకుంటే చేర్చాలని తహసీల్దారుకు అర్జీ పెట్టి రశీదు తీసుకోండి. లీజు ప్రతిపాదన ఏదైనా ఉన్నదా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మస్జిద్ కమిటీ వారు, పక్క వాడల వారు కలిసి గ్రామసభలో మాట్లాడండి. ఈ బడి ఒక్క మతం పిల్లలది కాదు.

బడి ఊరి అమానత్. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నా, అది వారి సొత్తు కాదు. అమానత్‌లో ఖియానత్ జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నవారు కూడా జవాబు చెప్పుకోవలసిందే.